చేతి ఎక్స్‌రేకి కంప్యూటర్ మార్కులు
తొమ్మిదేళ్లుగా నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం. కుట్టుమిషన్ మీద బతికే చేతులు నావి. ఈసారి మా ఊరి స్కాన్ సెంటర్లో చేతులు, పాదాల ఎక్స్‌రేకి కంప్యూటరే మార్కులు వేసింది. జబ్బు ఎముక అంచుని ఎంత తినేసింది, కీలు సందు ఎంత ఇరుకైంది అని ఒక్కో కీలుకీ లెక్క. మొత్తం 448కి. ఇక్కడ ఎక్కువ వస్తే ఫెయిలన్నమాట! నాకు 31. నిరుటి ఎక్స్‌రేకి కూడా వేయించాను, 29. రెండు మార్కుల తేడా పెద్దగా లెక్కలోకి రాదు, మందు పనిచేస్తోందన్నారు మా డాక్టరమ్మ.

నా ఎడమ చిటికెన వేలు వంకర, బల్లకి ఆనదు. అక్కడ సందే లేదని రిపోర్టులో వచ్చింది. డాక్టరమ్మ ఎక్స్‌రే స్వయంగా చూసి, వేలు వంకరగా పడి అలా కనిపించిందని ఆ మాట కొట్టేశారు. టెక్నీషియన్ రెండు నిమిషాలు ఆగి చెయ్యి సరిగ్గా పెట్టించి ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు. రిపోర్టు మాత్రం పావుగంటలో ఇచ్చారు. మూడు స్టార్లు.