నిస్లీ-వైకి ఏ భాష రాయాలి: హిందీనా, కొరియనా, టర్కిషా?

పోయిన అక్టోబరులో డాలస్‌లో మా అక్క వాళ్ళింటికి వెళ్ళేసరికి వాళ్ళమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. ఎన్‌ఎస్‌ఎల్‌ఐ-వై అప్లికేషన్. పిల్లలంతా దాన్ని నిస్లీ-వై అంటారు. భాషలు వరుసగా రాయాల్సిన చోట మూడు రోజులుగా ఆగిపోయింది. "హిందీ రాయవే, సగం వచ్చినట్టే కదా" అని వాళ్ళమ్మ. "కొరియన్ పిన్నీ, ప్లీజ్" అని అది.

పిల్లలు వేరే దేశానికి వెళ్ళి అక్కడ భాష నేర్చుకునేందుకు అమెరికా విదేశాంగ శాఖ 2006లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్ ఇది. 15 నుంచి 18 ఏళ్ళ అమెరికా పౌరులు అర్హులు. విమానం టికెట్, చదువు, బస, తిండి అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఆ భాష ముందే వచ్చి ఉండక్కర్లేదు. ఏ ఏడాది ఏ భాషలు, ఏ దేశాలు అన్నది మారుతూ ఉంటుంది కాబట్టి ఆ ఏటి జాబితా చూసుకున్నాకే మొదలుపెట్టండి. తెలుగు మాత్రం అందులో లేదు.

మన పిల్లలకు హిందీ తేలికే. క ఖ గ ఘ వరుస అదే, క్రియ చివర రావడం అదే, సంస్కృతం మాటలు సగం తెలిసినవే. చిక్కల్లా లింగంతో. కుర్చీ ఆడది, తలుపు మగది అంటే తెలుగు నోరు ఒప్పుకోదు. నాకున్న అభ్యంతరం మాత్రం వేరు. "ఈ భాషే ఎందుకు?" అన్న ప్రశ్నకు మా పిల్ల రాసిన హిందీ వ్యాసం చప్పగా ఉంది. సినిమాలు, పండగలు, ఇండియా ట్రిప్పులు. నిజమే కానీ, ఎవరైనా రాయగలిగేదే. ఇంట్లో తాతయ్యతో హిందీలో మాట్లాడాల్సిన అవసరం ఉన్న పిల్లలకైతే అదే మొదటి ఎంపిక కావాలి. మాకు అలాంటి అవసరం లేదు.

కొరియన్ మనకు అనుకున్నంత దూరం కాదు. క్రియ చివరే వస్తుంది. విభక్తులు మాట వెనకే అతుక్కుంటాయి. "వెళ్ళు", "వెళ్ళండి" అన్న తేడా వాళ్ళకూ ఉంది: "కా", "కాసెయో". గుణింతం నేర్చుకున్న పిల్లకు ఆ అక్షరాలు గుత్తులుగా రాయడం కొత్తగా అనిపించదు. కానీ పాటల పిచ్చితో కొరియన్ రాసేవాళ్ళు బోలెడు మంది. వాళ్ళ మధ్య మీ పిల్ల కారణం వేరుగా కనిపించాలి.

నాకు మనసు పడింది టర్కిష్ మీద. ఆ రాత్రి ఒక కాగితం మీద రెండు వరుసలు రాసి చూపించాను. ఇల్లు, ఇళ్ళు, ఇళ్ళలో. ఎవ్, ఎవ్లెర్, ఎవ్లెర్దె. ఒకదాని వెనక ఒకటి తగిలించుకుంటూ పోవడమే. గుర్రం "ఆట్" అయితే గుర్రాలు "ఆట్లార్". ముందున్న అచ్చును బట్టి "లెర్" కాస్తా "లార్" అయింది. మనం హరి"కి" అని, గురువు"కు" అని అనమూ! అది కాగితం లాక్కుని, "అంటే తెలుగు రావడం నాకు ప్లస్ పాయింటా?" అంది. ఇంట్లో మాట్లాడుకునే భాషను ఆ పిల్ల అంత గర్వంగా చూడటం నేను అదే మొదటిసారి చూశాను. వ్యాసం మరునాటికి తయారైంది. మొదట టర్కిష్, తర్వాత కొరియన్, చివర హిందీ అని రాసింది.

ఇక వేసవి కోర్సా, ఏడాది కోర్సా? వేసవిది ఆరు నుంచి ఎనిమిది వారాలు, రెండోది ఎనిమిది నుంచి పది నెలలు. భాష నోటికి రావాలంటే ఏడాదిదే. ఆతిథ్యమిచ్చే ఇంట్లో చలికాలం కూడా గడిపితేగాని పొద్దున్నే విసుక్కోవడం, అలగడం, బతిమాలడం ఆ భాషలో రావు. కానీ పదకొండో తరగతి పోగొట్టుకుంటే ఏపీలు (బడిలోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు), శాట్ పరీక్ష టెన్షన్. అందుకే పదిలో ఉన్నవాళ్ళకు వేసవి, పన్నెండు అయ్యాక కాలేజీ సీటు ఏడాది వాయిదా వేయించుకోగలిగితే ఏడాది కోర్సు మేలంటాను. వయసు పరిమితి దాటకుండా చూసుకోండి.

గ్రీన్‌కార్డు పిల్లలకు నిస్లీ-వై లేదు. వాళ్ళు జర్మనీ పంపే సీబీవైఎక్స్ అనే స్కాలర్‌షిప్ చూడాలి. అమెరికా, జర్మనీ చట్టసభలు కలిసి 1983 నుంచి నడుపుతున్నది. ఏడాది పాటు అక్కడి కుటుంబంతో ఉంటూ అక్కడి బడికే వెళ్ళాలి. దీనికీ భాష ముందే రానక్కర్లేదు. హెచ్-4 వీసా (ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ళ కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న పిల్లలకు రెండూ లేవు. ఇక్కడే పెరిగి, అన్నిట్లో ముందుండే పిల్లకు ఈ మాట చెప్పాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంటుంది. వ్యాసాలన్నీ రాసేశాక తెలిసేలా మాత్రం చేయకండి, మొదటి రోజే చెప్పేయండి.

టీచర్ సిఫారసు లేఖ కూడా కావాలి. గడువు సాధారణంగా అక్టోబరు, నవంబరు ప్రాంతంలో పడుతుంది. అప్పటికి టీచర్లందరూ కాలేజీ లేఖలతో తలమునకలై ఉంటారు. సెప్టెంబరులోనే అడగండి, ఏ భాష ఎందుకు ఎంచుకున్నారో నాలుగు ముక్కలు రాసి ఆ టీచర్ చేతికివ్వండి.