బొమ్మ ముందు నిలబడి ఇంగ్లీషు మాట్లాడాలంటే: స్మార్ట్‌హిస్టరీ వీడియోలు రెండేళ్ళు వాడాక

ముందే చెప్పేస్తున్నాను, ఈ వీడియోలంటే నాకు పిచ్చి ఇష్టం. ఆ సంగతి దృష్టిలో పెట్టుకునే చదవండి. ఆర్ట్ హిస్టరీ నేర్చుకోడానికి స్మార్ట్‌హిస్టరీ అనే ఈ ఫ్రీ వెబ్‌సైట్ ఎంత బాగుంటుందో చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను వాడింది అందుకు కాదు. హైదరాబాద్‌లో ఒక హస్తకళల గ్యాలరీలో పనిచేస్తాను. వచ్చినవాళ్ళకు గోడమీది పటాలు చూపించి ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పడం నా డ్యూటీలో భాగం. బొమ్మల గురించి తెలుసు, చదివింది ఫైన్ ఆర్ట్సే. ఇంగ్లీషు మరీ రాదనీ కాదు; మెయిల్స్ రాస్తాను, ఫోన్లో కొరియర్ వాళ్ళతో దెబ్బలాడతాను. ఈ రెండూ ఒకచోట కలిసినప్పుడే నోట్లోంచి మాట ఊడిపడేది కాదు.

మొదట్లో డబ్బు కట్టి ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను. పేరెందుకులెండి. వాళ్ళిచ్చిందల్లా వాక్యాల పట్టిక. 'వైబ్రెంట్ కలర్స్', 'క్యాప్టివేటింగ్', 'ఎవోక్స్ ఎ సెన్స్ ఆఫ్ హార్మనీ'. పేర్లు మాత్రం మార్చి అచ్చేసే శుభలేఖల్లాంటివి. ఏ బొమ్మకైనా అతుకుతాయి, అందుకే ఏ బొమ్మ గురించీ ఏమీ చెప్పవు. బట్టీపట్టి అప్పజెప్పేదాన్ని. విన్నవాళ్ళు మర్యాదగా తలూపి ముందుకు వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ తప్పేం లేదు.

స్మార్ట్‌హిస్టరీలో నాకు పనికొచ్చింది ఒకే ఒక్క విషయం. అందులో పాఠం చెప్పరు, ఇద్దరు మనుషులు కబుర్లాడుకుంటారు. బెత్ హారిస్, స్టీవెన్ జకర్ అనే ఇద్దరు ఆర్ట్ హిస్టారియన్లు 2005లో మొదలుపెట్టారు దీన్ని. అప్పట్లో న్యూయార్క్ మ్యూజియంలకు వెళ్ళేవాళ్ళు చెవిలో పెట్టుకుని వినడానికి చేసిన పాడ్‌కాస్ట్. ముందుగా రాసుకున్న స్క్రిప్టేమీ ఉండదు. చిన్న పియానో ముక్క మోగుతుంది, మేం ఫలానా మ్యూజియంలో ఫలానా బొమ్మ ముందున్నామని ఒకరు అందుకుంటారు, అక్కణ్ణుంచి మాట అటూ ఇటూ చేతులు మారుతూ పోతుంది. తెరమీద బొమ్మే ఉంటుంది. వాళ్ళు కుక్క గురించి మాట్లాడితే మనకు కుక్క దగ్గరగా కనిపిస్తుంది.

కుక్క అంటే గుర్తొచ్చింది, నేను ఎక్కువసార్లు చూసింది యాన్ వాన్ ఐక్ అనే చిత్రకారుడు 1434లో వేసిన ఆర్నోల్ఫిని దంపతుల బొమ్మ. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంటుంది. ఎత్తు 82 సెంటీమీటర్లు, అంటే మా ఇంట్లో గోడ క్యాలెండర్ కంటే కాస్త పెద్దది, అంతే. అందులో పట్టించిన సరుకు చూడాలి: విడిచిన చెప్పులు, కాళ్ళ దగ్గర కుక్క, కిటికీ అంచున నారింజ పళ్ళు, పట్టపగలు షాండ్లియర్‌లో వెలుగుతున్న ఒకే ఒక్క కొవ్వొత్తి, వెనక గోడకు గుండ్రటి అద్దం, ఆ అద్దంలో గుమ్మం దగ్గర నిలబడ్డ మరో ఇద్దరు. అద్దం పైన గోడమీద 'వాన్ ఐక్ ఇక్కడున్నాడు' అని లాటిన్‌లో సంతకం. ఇది పెళ్ళి బొమ్మ అని కొందరు పండితులు, కాదని కొందరు. ఆవిడ కడుపుతో ఉన్నట్టు కనిపిస్తుంది కానీ అది అప్పటి ఫ్యాషన్, బరువైన గౌను కుచ్చెళ్ళు ముందుకు ఎత్తిపట్టుకుంది.

ఇలాంటి బొమ్మ గురించి మాట్లాడాలంటే కావాల్సింది పెద్ద పెద్ద విశేషణాలు కాదు. ఎక్కడ, ఏముంది, దాన్నిబట్టి నాకేమనిపిస్తోంది, ఈ వరుస. మొదట 'వెనక గోడ దగ్గర', 'కొంచెం ఎడమకి', 'సరిగ్గా దానికింద' అంటూ చూపు ఎక్కడికెళ్ళాలో చెప్తారు. తర్వాత అక్కడ ఏముందో చెప్తారు. ఆ తర్వాతే 'ఐ థింక్', 'ఇట్ ఆల్మోస్ట్ సీమ్స్', 'పర్‌హ్యాప్స్' అంటూ మెల్లగా ఊహలోకి దిగుతారు. గట్టిగా తెలిసిన చోట గట్టిగా చెప్తారు, తెలియని చోట అనుమానంగా చెప్పడానికి సిగ్గుపడరు. అంత చదువుకున్నవాళ్ళే 'పర్‌హ్యాప్స్' అంటుంటే నాకెందుకు టెన్షన్ అనిపించింది. నిజం చెప్పాలంటే నా నోటికి పడ్డ తాళం సగం అక్కడే ఊడింది.

నేను చేసిన కసరత్తు చాలా సింపుల్. ఒకసారి మామూలుగా వింటాను. రెండోసారి సౌండ్ ఆపేసి, బొమ్మ మారుతున్న కొద్దీ నేనే మాట్లాడతాను. రాత్రి వంటిల్లు సర్దుకుంటూ చేసేదాన్ని. మా అత్తగారు మొదట్లో ఎవరితో ఫోన్లో మాట్లాడుతున్నానా అని తొంగిచూసేవారు. ఎక్కడ ఆగిపోయానో అక్కడ రాతరూపం తీసి చూసుకునేదాన్ని. వీడియోలో అన్నమాటలన్నీ కింద అక్షరాల్లో ఉండటం పెద్ద సౌకర్యం.

దీని ఫలితం ఎక్కడ తేలిందో చెప్తాను. పోయిన దసరా సెలవుల్లో ఒక పెద్దాయన మనవణ్ణి వెంటబెట్టుకొచ్చారు. పిల్లాడిది డల్లాస్. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. మా దగ్గర ఒక చేర్యాల పటం ఉంది. తెలంగాణలోని చేర్యాలలో గుడ్డమీద కథను వరుసలు వరుసలుగా వేసే బొమ్మ అది, మనిషెత్తు ఉంటుంది. చేర్యాల పటం ముందు నేను చెప్పే ఉపన్యాసం ఒకటి తయారుగా ఉండేది: ఖాదీ గుడ్డ, దానిమీద చింతగింజల అంబలి, సుద్దమట్టి పూత, ఈ పటాలు వేసే నకాషీల చేతిపని, ఆ ఊరి కళకు గుర్తింపుగా వచ్చిన జీఐ ట్యాగు. ఆ రోజు అదేమీ ఎత్తుకోకుండా 'వాట్ డూ యూ సీ?' అని వాణ్ణే అడిగాను.

వాడు కాసేపు చూసి, పులిమీద కూర్చున్న మనిషిని చూపించి, "ఈజ్ దట్ అయ్యప్ప?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే తాత అందుకున్నారు. "అయ్యప్ప గాదు బిడ్డా. మన భావనారుషి. మార్కండేయుని కొడుకు. మన పద్మశాలోళ్ళకు ఆయనే మూలపురుషుడు."

ఆయనది జనగామ వైపు. చిన్నప్పుడు వాళ్ళూరికి కూనపులి వాళ్ళు, అంటే పటం చూపించి కథ చెప్పేవాళ్ళు, వచ్చి ఈ కథ చెప్పేవాళ్ళట. పటం చుట్టచుట్టి ఉంటుంది, కథ నడిచే కొద్దీ ఒక్కో వరుస విప్పుకుంటూ పోతారు. ఇక తాత తెలుగులో కథ, నేను ఇంగ్లీషులో బొమ్మ. పైనుంచి కిందికి చదవాలి, రెండు వరుసల మధ్య ఈ పూలతీగ గీతే హద్దు, ఇదిగో ఈ వరుసలో కుడిపక్క ఉన్నవాడే కాలవాసురుడనే రాక్షసుడు, అని నేను ఇంగ్లీషులో చెప్తుంటే అన్నీ పొట్టి వాక్యాలే వచ్చాయి. ఒక్కచోట కూడా 'వైబ్రెంట్' రాలేదు.

అప్పుడు పిల్లాడు అడిగాడు, ఆ కాలవాసురుడు చెడ్డవాడని మీకెలా తెలుసు అని. కథ తెలుసు కాబట్టి తెలుసు అనొచ్చు. కానీ వాడడుగుతున్నది బొమ్మలో ఎక్కడుందని. ఒంటి రంగు చూడు, ముదురు గోధుమరంగు వేశారు, దేవుళ్ళకైతే నీలమో పసుపో వేస్తారు అన్నాను. కోరలు బయటికొచ్చాయి అన్నాను. కళ్ళు గుడ్లప్పగించి ఉన్నాయి అన్నాను. "బట్ ది గుడ్ గయ్ హ్యాజ్ బిగ్ ఐస్ టూ" అన్నాడు. నిజమే. చేర్యాల పటంలో అందరివీ పెద్ద కళ్ళే. అలాగైతే కళ్ళు లెక్కలోకి రావు, బహుశా నిలబడ్డ తీరు చూడాలేమో అని నేనే మాట మార్చుకున్నాను. రుషి నిటారుగా కూర్చున్నాడు, అసురుడి ఒళ్ళు ముందుకు వంగి, చేతులు పైకి లేచి ఉన్నాయి. వాడు ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, పులి నవ్వుతోంది చూశారా అన్నాడు. రోజూ ఆ పటానికి దుమ్ము దులిపేది నేనే. పులి నవ్వుతున్న సంగతి నాకు తెలీదు. తాత పడీ పడీ నవ్వారు.

అరగంట దాటింది. చివరికి వాళ్ళు కొన్నది రెండు చిన్న చేర్యాల మాస్కులు. అరగంటకు రెండు మాస్కులేనా అని మా మేనేజర్ గారి చూపు. ఆ సంగతి ఈ సమీక్షకు సంబంధం లేదు.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని విషయాలు చెప్పాలి. ఆ అరగంటలో నాకు పనికొచ్చింది వాళ్ళ పద్ధతి. మాటలు కాదు. నేను ఎక్కువగా చూసినవి యూరప్ ఆయిల్ పెయింటింగులు. అక్కడ నేర్చుకున్న పర్‌స్పెక్టివ్, ఫోర్‌గ్రౌండ్, వెలుగు ఏ వైపు నుంచి పడుతోంది, ఇవన్నీ చేర్యాల పటం ముందుకొచ్చేసరికి చేతిలో ఉండిపోతాయి. ఎర్రటి నేల, దానిమీద పక్కకు తిరిగిన మొహాలు, లోతు లేదు, నీడ లేదు. ఒకసారి అలవాటుకొద్దీ బ్యాక్‌గ్రౌండ్‌లో అని మొదలుపెడితే, వచ్చినాయన పటం వెనక ఏదో ఉందనుకుని ఒంగి చూశాడు. వరుస, అంచు, కథ మలుపు, వీటి చుట్టూ తిరిగే ఇంగ్లీషు నేనే కూడగట్టుకోవాల్సి వచ్చింది. అందుకు భారతీయ చిత్రకళ మీద వచ్చిన ఎగ్జిబిషన్ కేటలాగులే ఎక్కువ సాయం చేశాయి.

ఇంకోటి. ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు ఒకరు వదిలేసిన వాక్యాన్ని ఇంకొకరు పూర్తి చేస్తారు. వినడానికి అందంగా ఉంటుంది. నేనొక్కదాన్నే మాట్లాడేటప్పుడు ఆ మిగతా సగం ఎవరందుకుంటారు? కొన్నాళ్ళపాటు నా వాక్యాలు మధ్యలో గాల్లో వేలాడేవి. మా కొలీగ్ వెక్కిరిస్తే గానీ ఆ అలవాటు తెలియలేదు. ఇప్పుడు రాతరూపం చూసి ఆ సగం వాక్యాల్ని నేనే పూర్తిచేసి పలుకుతున్నాను. మొదట్లో చెప్పిన సౌండ్ ఆపేసే కసరత్తు కూడా ఒంటరిగా కంటే ఇద్దరు కలిసి చేస్తే మేలు.

అయితే ఎవరికి పనికొస్తుంది? నాకు బొమ్మలు ముందే తెలుసు, మాట్లాడటానికి రోజూ మనుషులు దొరుకుతారు, తడబడినా ఓపిగ్గా నిలబడతారు. ఈ మూడూ లేనివాళ్ళకు ఇంత లాభం ఉంటుందో లేదో చెప్పలేను. ఐఇఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో బొమ్మ గురించి ప్రశ్న వస్తుందేమోనని భయపడేవాళ్ళకు ఇంత తతంగం అక్కర్లేదు. అక్కడ మాట్లాడాల్సింది మహా అయితే రెండు నిమిషాలు. విదేశాల్లో ఆర్ట్ కోర్సులకు అప్లై చేస్తున్న పిల్లలకు, మ్యూజియంలలో గైడ్లుగా చేరాలనుకునేవాళ్ళకు మాత్రం ధైర్యంగా చెప్తాను. ఫ్రీయే, నెట్ ఖర్చు తప్ప పోయేదేం లేదు. మొదట మనుషులున్న బొమ్మలతో మొదలుపెట్టండి, చెప్పడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. అబ్‌స్ట్రాక్ట్ బొమ్మల విషయంలో నా మాట నమ్మకండి. మా గ్యాలరీలో అవి ఉన్న గోడ దగ్గరికి ఎవరైనా వెళ్తే నేనింకా మా కొలీగ్‌నే పిలుస్తున్నాను.