ప్రాంతీయ రైళ్లకు రాష్ట్రం డబ్బు: పట్టాలకు ఇవ్వడం మేలా, ట్రిప్పులకు ఇవ్వడం మేలా?

రాజ్యాంగం ప్రకారం రైల్వే కేంద్ర జాబితాలోని అంశం. అయినా ప్రజలు రోజూ ఎక్కిదిగే లోకల్, ప్యాసింజర్ రైళ్ల కోసం రాష్ట్రాలు తమ ఖజానా నుంచి డబ్బు పెట్టడం మనకు కొత్త కాదు. హైదరాబాద్ లోకల్ రైళ్ల వ్యవస్థ ఎంఎంటీఎస్, మనోహరాబాద్–కొత్తపల్లి లైను, ఆంధ్రప్రదేశ్‌లోని నడికుడి–శ్రీకాళహస్తి లైను అన్నీ ఆ కోవలోవే. రాష్ట్ర వాటా ఎంత, అందులో ఇంకా చెల్లించవలసింది ఎంత అన్నదాని మీద వాదోపవాదాలు ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి గాని, ఆ డబ్బుకు బదులుగా రాష్ట్రానికి ఏమి దక్కుతున్నదన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. నిర్మాణంలో వాటా చెల్లించి నడిపే పనిని రైల్వేకు వదిలేసే మన పద్ధతిని, ఏటా సర్వీసులకే డబ్బు చెల్లించి టైం టేబుల్‌లో మాట దక్కించుకునే అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్ర పద్ధతిని ఆ ప్రశ్న దృష్ట్యా పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంది.

ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో మొదలైంది. మొదటి దశ ఖర్చును రాష్ట్రం, రైల్వే చెరిసగం భరించాయి. అప్పటికే ఉన్న ట్రాకుల మీదనే రైళ్లు నడపడం వల్ల మెట్రోతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువైంది, టికెట్టు కూడా 5 రూపాయల నుంచి మొదలయ్యేంత చవకగా ఉండగలిగింది. ఈ పద్ధతికి ఉన్న అసలు బలం ఇదే, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. 2012–13లో మంజూరైన రెండో దశకు అంచనా సుమారు 816 కోట్ల రూపాయలు కాగా, అందులో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలన్నది ఒప్పందం. రాష్ట్ర వాటా విడుదలలో జాప్యం, సనత్‌నగర్–మౌలాలి మధ్య రక్షణ శాఖ భూముల చిక్కు కలిసి పనులను ఏళ్ల తరబడి లాగాయి. మేడ్చల్, ఉందానగర్ వైపు సర్వీసులు 2023 ఏప్రిల్‌లో, ఘట్‌కేసర్ వైపు సర్వీసు 2024 మార్చిలో గాని పట్టాలెక్కలేదు.

జాప్యం కంటే పెద్ద లోపం ఆ తరువాత బయటపడుతుంది. లైను సిద్ధమయ్యాక దాని మీద రోజుకు ఎన్ని రైళ్లు తిరగాలి, ఉదయం ఆఫీసు వేళకు ఎన్ని నిమిషాలకొకటి రావాలి, ఎక్స్‌ప్రెస్ వస్తున్నప్పుడు లోకల్‌ను ఎంతసేపు ఆపాలి అన్నవన్నీ రైల్వే నిర్ణయాలు. దూరప్రాంత రైళ్లు, గూడ్స్ రైళ్లు పోగా మిగిలిన వెసులుబాటులోనే లోకల్ ఇమడాలి. మూడింట రెండు వంతులు ఖర్చు పెట్టినంత మాత్రాన రాష్ట్రానికి ట్రిప్పుల మీద హక్కు రాదు. ఉమ్మడి బావి తవ్వకానికి వాటా ఇచ్చి నీళ్ల వంతు రాయించుకోని రైతు పరిస్థితి ఇది.

నార్త్ కరోలినాలో రాష్ట్రం మరో దారి పట్టింది. షార్లెట్ నుంచి తూర్పు తీరంలోని మోర్‌హెడ్ సిటీ దాకా సుమారు 510 కిలోమీటర్ల లైను నార్త్ కరోలినా రైల్‌రోడ్ కంపెనీది. అందులో ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో మిగిలిన వాటాలను కూడా 1998లో రాష్ట్రం కొనేసింది. ఆ లైను మీద నార్‌ఫోక్ సదరన్ సంస్థ ఒప్పందం ప్రకారం గూడ్స్ రైళ్లు నడుపుతుంది. రాలీ–షార్లెట్ మధ్య 1995 నుంచి తిరుగుతున్న ‘పీడ్‌మాంట్’ రైలు పెట్టెలు, ఇంజన్లు రాష్ట్ర రవాణా శాఖవి, నడిపేది అమెరికా ప్రభుత్వ ప్యాసింజర్ రైలు సంస్థ ఆమ్‌ట్రాక్. 2008 నాటి ఫెడరల్ (అమెరికా కేంద్ర) చట్టం 750 మైళ్ల లోపు మార్గాల ఖర్చును, బోస్టన్–న్యూయార్క్–వాషింగ్టన్ ఈశాన్య కారిడార్ మినహాయించి, ఆయా రాష్ట్రాలే భరించాలన్నది. ఆ నిబంధన 2013 అక్టోబరు నుంచి అమలవుతోంది. టికెట్ల రాబడి పోగా మిగిలే నష్టాన్ని రాష్ట్రం చెల్లిస్తుంది, కాబట్టి రోజుకు ఎన్ని ట్రిప్పులు కావాలో కూడా రాష్ట్రమే అడుగుతుంది. 50 కోట్ల డాలర్లకు పైగా ఫెడరల్ నిధులతో రెండో ట్రాకులు వేసి, లెవెల్ క్రాసింగులు మూసి, 2018లో పీడ్‌మాంట్ మూడో జత (రానూ పోనూ ఒక్కో ట్రిప్పు) రైళ్లను, 2023 జూలైలో నాలుగో జతను చేర్చారు. న్యూయార్క్ వెళ్లే ‘కరోలినియన్’తో కలిపి ఇప్పుడు ఐదు జతలు. హైదరాబాద్ లోకల్ ఎక్కినవారి కంటికి ఇది ఆనదన్నది నిజమే. షార్లెట్‌లో, రాలీలో స్థిరపడిన మనవాళ్లలో ఎక్కువమంది కార్లలోనే తిరుగుతారన్నదీ కాదనలేము. అయితే ఇక్కడ చూడవలసింది సంఖ్యను కాదు, ట్రాకు కోసం పెట్టిన ఖర్చు వెంటనే ట్రిప్పు రూపంలో తిరిగి వచ్చిన వరుసను.

ఈ పద్ధతికి ప్రమాదం లేకపోలేదు. ఏటా చెల్లించే డబ్బును ఏటా ఆపేయవచ్చు కూడా. ఇండియానా రాష్ట్రం నిధులు ఆపేయగానే ఇండియానాపొలిస్–షికాగో మధ్య తిరిగే ‘హూసియర్ స్టేట్’ రైలు 2019 జూన్ 30తో ఆగిపోయింది. మన పద్ధతిలో కట్టిన లైను కనీసం అక్కడే ఉంటుంది.

బెంగళూరు మూడో దారి తొక్కింది. అక్కడ రాష్ట్రం, రైల్వే కలిసి ఏర్పాటు చేసిన కే–రైడ్ సంస్థ లోకల్ రైళ్లకు 148 కిలోమీటర్ల ప్రత్యేక మార్గాన్ని 15,767 కోట్ల రూపాయల అంచనాతో చేపట్టింది. సొంత ట్రాకు ఉంటే ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వవలసిన బాధ తప్పుతుంది. కాని 2022 జూన్‌లో శంకుస్థాపన జరిగితే, 2025 ముగిసేనాటికి కూడా ఒక్క రైలైనా తిరగలేదు. ట్రాకులు ఇప్పటికే ఉన్న హైదరాబాద్‌కు ఈ మార్గం అవసరం కంటే చాలా పెద్దది.

నా అభిప్రాయంలో మన రాష్ట్రాలకు ఇప్పుడు మేలైనది రెండో పద్ధతే. అందుకు అమెరికా దాకా పోనక్కరలేని ఆధారం కూడా మన దగ్గరే ఉంది. మనోహరాబాద్–కొత్తపల్లి లైనుకు తెలంగాణ మూడింట ఒక వంతు నిర్మాణ ఖర్చును, ఉచితంగా భూమిని ఇవ్వడమే కాక, ఐదేళ్ల నిర్వహణ నష్టాన్ని భరించడానికి కూడా ఒప్పుకుంది. 2023 అక్టోబరు నుంచి సిద్దిపేటకు రైళ్లు వస్తున్నాయి. నష్టం భరించడానికి సిద్ధపడ్డ ప్రభుత్వం అదే కాగితం మీద కనీస ట్రిప్పుల సంఖ్యను, ఉదయం సికింద్రాబాద్ చేరే వేళను కూడా రాయించుకుంటే అది నార్త్ కరోలినా ఒప్పందానికి దగ్గరగా వస్తుంది. చట్టం మార్చనవసరం లేదు, రైల్వే నడిపే అధికారాన్ని వదులుకోనవసరమూ లేదు.

ఎంఎంటీఎస్ విషయంలో తొందర కూడా అవసరం. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని దూరప్రాంత రైళ్లు అక్కడికి మళ్లుతుండటంతో సికింద్రాబాద్ మీద భారం కొంత తగ్గే వీలు కలిగింది. అలా దొరికే వేళలు మరో ఎక్స్‌ప్రెస్‌కో గూడ్స్‌కో పోకముందే, ఘట్‌కేసర్, మేడ్చల్ మార్గాల్లో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల ట్రిప్పులకు ఏటా ఇంత చెల్లిస్తామని, తిరగని ట్రిప్పుకు చెల్లించబోమని దక్షిణ మధ్య రైల్వేతో రాష్ట్రం ఒప్పందం కుదుర్చుకోవాలి.