మంచు చిరుత కోసం మంగోలియా: ఎక్కడ ఆగాలి, దేనికి ఖర్చు పెట్టాలి

మంగోలియా అనగానే చాలామంది గోబీ ఎడారి, ఖోవ్స్‌గోల్ సరస్సు, ఆల్టాయ్ పర్వతాలు అన్నీ ఒకే ట్రిప్పులో కలిపేస్తారు. జంతువుల్ని చూడటమే మీకు ముఖ్యమైతే దయచేసి అలా చేయకండి. మన దేశంలో దాదాపు సగం ఉన్న ఆ నేలలో జనాభా 35 లక్షలు మాత్రమే. హైవే దిగితే మట్టిబాటలే. చోట్లు పెంచుకునే కొద్దీ రోజంతా వ్యాన్‌లో కుదుపులతో గడిచిపోతుంది, జంతువులు బయటికొచ్చే పొద్దున, సాయంత్రం వేళలు దారిలోనే కరిగిపోతాయి. అందుకే మేము సెప్టెంబరులో రెండే చోట్లు పెట్టుకున్నాం: హుస్తాయి నేషనల్ పార్కు, పడమటి కొసన ఖోవ్ద్ దగ్గరి జర్గలాంత్ ఖైర్ఖాన్ పర్వతం.

హుస్తాయి రాజధాని ఉలాన్‌బాతర్‌కు పడమరగా సుమారు 100 కిలోమీటర్లు. అక్కడికి వెళ్ళేది తఖీ కోసం, అంటే అడవి గుర్రం కోసం. 1969లో గోబీలో చివరిసారి కనిపించాక అడవిలో ఈ జాతి లేకుండా పోయింది. జూలలో మిగిలిన కొద్ది గుర్రాల సంతతిని పెంచి 1992 నుంచి హుస్తాయికి తీసుకొచ్చారు. పొట్టి కాళ్ళు, నిక్కపొడుచుకున్న జూలు, వీపు మీద నల్లటి చార. ఒక మగ గుర్రం తన ఆడ గుర్రాలనూ పిల్లలనూ వాగు వైపు తోలుకొస్తుంటే చూస్తూ నిలబడిపోయాం. మధ్యాహ్నం ఈగల బాధకు అవి గాలి తగిలే కొండ మీదికి ఎక్కేస్తాయి. ఉలాన్‌బాతర్ నుంచి ఒక్క పూటకు వచ్చిపోయేవాళ్ళకు అందుకే అవి దూరంగా చుక్కల్లా కనిపిస్తాయి. గేటు దగ్గర గుడారాల క్యాంపు ఉంది, రాత్రికి అక్కడే ఉండండి. సెప్టెంబరు రెండో సగంలో వెళ్తే ఎర్ర దుప్పుల మగవి గొంతెత్తి అరవడం కూడా వినొచ్చు.

అసలు మనసంతా మంచు చిరుత ఉండే జర్గలాంత్ మీదే. ఖోవ్ద్‌కు విమానంలో వెళ్ళడమే మేలు, రోడ్డు మీద రెండు మూడు రోజులు పడుతుంది. దేశీయ విమానాల్లో సామాను పరిమితి తక్కువ. ట్రైపాడ్, లెన్సులు ఉన్నవాళ్ళు టికెట్ కొనేటప్పుడే అదనపు బరువుకు డబ్బు కట్టేయాలి. వాతావరణం బాగోక విమానం ఆగిపోవచ్చు కాబట్టి తిరుగు ప్రయాణంలో అంతర్జాతీయ విమానానికి ముందు ఒక రోజు ఖాళీగా పెట్టుకోండి.

ఈ పర్వతం చుట్టూ ఎండిన మైదానం, పక్కన ఖార్ ఊస్ సరస్సు. మధ్యలో ఒంటరిగా లేచిన రాతి గోడలా ఉంటుంది. 2021లో వెలువడిన దేశవ్యాప్త అంచనా ప్రకారం మంగోలియాలో సుమారు 950 మంచు చిరుతలు ఉన్నాయి. వాటిని వెతికేది మనం కాదు, అక్కడి పశువుల కాపరులు. తెల్లవారక ముందే మోటారు సైకిళ్ళ మీద ఒక్కో లోయకు ఒక్కొక్కరు వెళ్ళి, టెలిస్కోపుతో అంచులన్నీ గాలిస్తారు. కనిపిస్తే వాకీటాకీలో కబురు. మాకు కబురొచ్చినప్పుడు అందరం ఎదుటి గుట్ట ఎక్కాం. కిలోమీటరుకు పైగా దూరం. టెలిస్కోపులో ఎంతసేపు చూసినా బండలే. తర్వాత ఒక బండ మీద తోక కదిలింది. అది లేచి, ఒళ్ళు విరుచుకుని, మళ్ళీ పడుకుంది. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం.

మాతో వచ్చిన కాపరి ఆ ఏడాదే ఒక గుర్రప్పిల్లను చిరుతకు పోగొట్టుకున్నాడు. అయినా దాన్ని మాకు చూపించినప్పుడు అతని ముఖంలో మాకంటే ఎక్కువ సంతోషం ఉంది. అందుకే ఖర్చు తగ్గించుకోవాలంటే క్యాంపు సౌకర్యాల్లో తగ్గించుకోండి, చిరుతను వెతికి పెట్టే ఈ కాపరుల, అంటే స్కౌట్ల, జీతంలో వద్దు. ఎంతమంది స్కౌట్లు, వాళ్ళకు రోజుకు ఎంత ముడుతుంది అని ఏజెన్సీని సూటిగా అడగండి. డీజిల్, పార్కు రుసుములు కలిపారా, టెలిస్కోపులు ఎన్ని అన్నది రాతలో తీసుకోండి. మేము మొదట మాట్లాడిన ఒక ఏజెన్సీ ఈ ప్రశ్నలన్నిటికీ "అంతా చూసుకుంటాం" అన్న ఒక్క జవాబే ఇచ్చింది. ఇంకొకరు స్కౌట్ల వివరాలు, రోజువారీ ఖర్చు అన్నీ రాసి పంపారు. రేటు ఎక్కువైనా వాళ్ళతోనే వెళ్ళాం. ఆ తేడా ప్రతి పొద్దునా తెలిసింది.

బస అంటే గెర్, గుండ్రటి ఉన్ని గుడారం. మధ్యలో పొయ్యి, తలుపు దక్షిణానికి. హుస్తాయి క్యాంపులో వేడి నీళ్ళ స్నానం ఉంది. పర్వతం కింద గుంట మరుగుదొడ్డి, ఫోన్ ఛార్జింగ్‌కు సోలార్ ప్యానెల్. పొయ్యి ఆరితే తెల్లవారుజామున గడ్డకట్టే చలి, మంచి స్లీపింగ్ బ్యాగ్ తప్పనిసరి. కాపరుల గుడారానికి వెళ్ళేటప్పుడు కుక్కలు ఉంటాయి, ఇంటివాళ్ళు బయటికొచ్చే దాకా వాహనం దిగకండి. గడప మీద కాలు పెట్టకూడదు. ఇచ్చిన ఉప్పు పాల టీ ఒక గుక్కయినా తాగాలి.

తిండి గురించి శాకాహారులకు టెన్షన్ ఉండటం సహజమే. మాలో ఇద్దరు మాంసం ముట్టరు. ఉలాన్‌బాతర్‌లో వీగన్ హోటళ్ళున్నాయి, ఊరు దాటితే మాత్రం మటనే. వంటమనిషికి ముందే చెప్పించి, బియ్యం, పప్పు, కూరగాయలు రాజధానిలోనే కొనిపించాం. కందిపొడి, పులిహోర మిక్స్ మనతో ఉంటే ఇబ్బంది లేదు.

సైగా అనే జింకల కోసం ఒక రోజు సరస్సు పక్క మైదానంలో తిరిగాం. దూరంగా దుమ్ము లేపుకుంటూ పోయే చిన్న గుంపు ఒకటి కనిపించింది. 2016-17 చలికాలంలో మేకలు, గొర్రెల నుంచి పీపీఆర్ వ్యాధి సోకి మంగోలియా సైగాల్లో సగానికి పైగా చనిపోయాయి. మన గొర్రెల కాపరులు టీకా వేయించేది ఆ జబ్బుకే. చలికాలంలో మన మంజీరా మీదికి వచ్చే బార్‌హెడెడ్ గూస్ బాతులు గూళ్ళు కట్టుకునే దేశాల్లో మంగోలియా కూడా ఒకటి.

లద్దాఖ్ ఉండగా అంత దూరం ఎందుకని అడుగుతారు. మంచు చిరుత ఒక్కటే కావాలంటే లద్దాఖే సరి: వీసా లేదు, ఖర్చు తక్కువ, గైడ్లు మంచివాళ్ళు. అయితే అక్కడ దాన్ని చూసే కాలం ఫిబ్రవరి, మార్చి. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, ఒళ్ళు అలవాటు పడటానికే రోజులు కావాలి. ఖోవ్ద్ పట్నం 1,400 మీటర్ల దగ్గరే ఉంటుంది కాబట్టి ఊపిరి ఆడని బాధ లేదు. మా అమ్మా నాన్నల వయసు వాళ్ళను లద్దాఖ్ చలికాలానికి తీసుకెళ్ళడానికి నేను జంకుతాను, హుస్తాయికి మాత్రం నిశ్చింతగా తీసుకెళ్తాను. జులై 11 నుంచి 13 దాకా నాదమ్ పండుగ. ఆ రోజుల్లో గదులు, విమానాలు దొరకవు, ధరలు పెరుగుతాయి. వారం సెలవే ఉంటే ఖోవ్ద్ వదిలేసి, హుస్తాయి తర్వాత అర్గాలీ అనే అడవి గొర్రెలుండే ఇఖ్ నార్త్ అభయారణ్యానికి వెళ్ళండి.