హన్మకొండల ఇంటికి 'నర్సు'ను పెట్టుకునేటోళ్ళు జాగ్రత్త: మా బాపుకు జరిగింది ఇది

మా బాపుకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలితే హన్మకొండలనే ఆపరేషన్ చేయించి గ్రంథి మొత్తం తీయించినం. నాలుగో రోజు యూరిన్ పైపుతోనే డిశ్చార్జ్ చేసిన్రు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. నేను బిడ్డను, నాతోని చేయించుకోవాలంటే బాపుకు చచ్చేంత సిగ్గు. అందుకే మగ నర్సు కావాలని ఒక ఏజెన్సీతోని మాట్లాడిన. "జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చేసిన మనిషి, ఇసొంటి కేసులు మస్తు చూసిండు" అన్నరు. 15 రోజులకు 21 వేలు ముందే ఫోన్‌పే చేయించుకున్నరు. రసీదు ఇయ్యలే.

వచ్చిన పిలగాడు ఏ నర్సింగూ చదవలేదు. మొదటి రోజే యూరిన్ బ్యాగును మంచం మీద బాపు పక్కన పెట్టి పడుకోబెట్టిండు. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందికే వేలాడాలె, లేకుంటే మూత్రం మళ్ళ లోపలికి పోతదని వార్డుల సిస్టర్ చెప్పింది. నేనే తీసి మంచం పట్టెకు కింద కట్టిన. అప్పుడే వాణ్ణి వాపస్ పంపాల్సింది. కొత్తగదా, నేర్చుకుంటడని ఊకున్న.

పైపు తీసినంక అసలు కష్టం షురువైంది. ఈ ఆపరేషన్ అయినోళ్ళల్ల చానామందికి మొదట్ల మూత్రం ఆగదు. దగ్గినా, లేచి నిలబడ్డా జారిపోతది. వారాలు, నెలలు గడిచినకొద్దీ తగ్గుతది, కొందరికి ఏడాది కూడ పడుతది. డాక్టర్ ఇదంతా ముందే చెప్పిండు. ఆ పిలగాడు మాత్రం "మళ్ళ పోసుకున్నవా?" అని గదుముతుంటే అమ్మ చెవులార విన్నది. ముప్పై ఏండ్లు సర్కారు బడిల పాఠాలు చెప్పిన మనిషి, ఒళ్ళె తువ్వాల కప్పుకొని, గోడ దిక్కు తిరిగి పండుకునుడు మొదలువెట్టిండు.

నీళ్ళ సంగతి మాకు ఇంకా ఆలస్యంగ తెలిసింది. పొద్దున నేను నింపిపెట్టిన బాటిల్ సాయంత్రం వచ్చేసరికి మూతి దాక అట్లనే ఉండేది. గట్టిగ అడిగితే అప్పుడు చెప్పిండు బాపు: "ఎక్కువ తాగకు, ఊకె డయాపర్ మార్చుడైతున్నది అంటుండు బిడ్డా." నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట పుడుతది, ఇన్ఫెక్షన్‌కు దారి దొరుకుతది. రాత్రి 9 గంటలకు కట్టిన డయాపర్ పొద్దున 7 దాక విప్పలేదు. తొడల సందుల తోలు ఎర్రగ చెక్కుకపోయింది. అదే రాత్రి వణుకుడు జ్వరం, 103. యూరిన్ ఇన్ఫెక్షన్ అని మళ్ళ నాలుగు రోజులు దవాఖాన్ల పెట్టిన్రు.

ఏజెన్సీని పైసలు వాపస్ అడిగితే "మనిషిని పంపినం కదా" అన్నరు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసిన. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోత. కట్టిన పైసలు 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు. నా చేతిల ఉన్నది ఫోన్‌పే రికార్డు ఒక్కటే. జీఎన్ఎం అన్న మాట వాట్సాప్‌ల రాయించుకోని ఉంటే ఇంత తిప్పలు పడకపోదును.

మీరు మాత్రం నర్సు అంటే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. స్నానం, బట్టలకు కేర్‌టేకర్ చాలు అనుకుంటే కేర్‌టేకర్ అనే మాట్లాడుకోండి, ఆ రేటే కట్టండి. ఏ రోజు పైసలు ఆ రోజే ఇయ్యండి. డిశ్చార్జ్ కాకముందే బ్యాగు ఖాళీ చేసుడు, డయాపర్ మార్చుడు సిస్టర్ ముంగట మీ చేతులతోని ఒక్కసారి చేసి చూడండి. పైపు తీసినంక చేసే బిగబట్టుడు కసరత్తు, అంటే గాలి పోకుండ ఆపినట్టు పట్టి వదులుడు, పేషెంటుకు నేర్పమనండి. మా పిలగానికి అసలు అది ఉంటదనే తెల్వదు.

పైపు ఉన్నప్పుడు బ్యాగు నిండుడు ఆగి పొత్తికడుపు బిగుసుకపోయినా, పైపు తీసినంక మూత్రం అసలే రాకపోయినా, వణుకుడు జ్వరం వచ్చినా తెల్లారేదాక చూడకండి. బండి లేకుంటే 108కు కొట్టండి.