మాట్లాడుకోనిచ్చే చాయ్ హోటల్, హనుమకొండ

నయీంనగర్ నుంచి కేయూ క్రాస్ రోడ్డుకు వెళ్లే దారిలో, జిరాక్స్ షాపు పక్కన ఉంటుంది. పేరు బోర్డు లేదు, అందరూ కాక హోటల్ అంటారు. చాయ్ 12 రూపాయలు. అల్లం బాగా దంచి వేస్తారు, చక్కెర మాత్రం ఎక్కువ. సాయంత్రం నాలుగు దాటాక వేడివేడి సర్వపిండి. అంచులు కరకరలాడుతూ, నువ్వులు, పల్లీలు పంటికి తగులుతాయి. ఆరు లోపే వెళ్లండి, అయిపోతుంది.

నేను మాత్రం చాయ్ కోసం వెళ్లను.

నేను ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్తాను. పోయిన వినాయక చవితికి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట రాశాను, రాత్రి డీజే సౌండ్ తగ్గిస్తే పెద్దవాళ్లు నిద్రపోతారని. మనోభావాలు దెబ్బతిన్నాయంటూ గంటలో ఇరవై మెసేజ్‌లు. ఇంట్లో అందరికీ టెన్షన్. చివరికి క్షమాపణ రాసి పెట్టాను. నా మాట ఎందుకు తప్పో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

‘ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదు’ అని కొన్ని హోటళ్లలో రాసి ఉంటుంది కదా. కాక హోటల్ గోడ మీద ధరల పట్టిక ఒక్కటే ఉంది. హోటల్ నడిపే కాక రోజూ మూడు పేపర్లు వేయిస్తాడు. రిజర్వేషన్లు, దేవుడు, సినిమా హీరోలు, అన్నిటి మీదా వాదన నడుస్తుంది.

ఒకరోజు ఓ పిల్లగాడు తమ నాయకుణ్ని ఏదో అన్నారని లేచి, ఎదుటివాడి కాలర్ పట్టుకున్నాడు. కాక చాయ్ వడపోస్తున్న జాలి చేతిలో అట్లాగే ఉంది, చుక్కలు నేల మీద పడుతున్నాయి. ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. “ఆయన మాట నచ్చకపోతే నువ్వు పది మాటలు చెప్పు బిడ్డా, ఎవలు వద్దన్నరు? చెయ్యి లేస్తే మాత్రం నా హోటల్ల కూసోవద్దు” అన్నాడు. పిల్లగాడు కాసేపు నిలబడి, కూర్చుని పావుగంట మాట్లాడాడు. ఎదుటివాడు ఒప్పుకోలేదు. ఎవరి చాయ్ పైసలు వాళ్లు ఇచ్చి వెళ్లారు.

బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు జరిగిన ముంబై బంద్‌ను ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో రాసిన అమ్మాయినీ, దానికి లైక్ కొట్టిన ఆమె స్నేహితురాలినీ 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆన్‌లైన్‌లో నొప్పించే మాట రాస్తే నేరమనే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది. చర్చించడం వేరు, ఒక వాదాన్ని బలపరచడం వేరు, గొడవకు ఉసిగొల్పడం వేరు, మొదటి రెండూ ఎవరికి ఎంత నచ్చకపోయినా ఆపకూడదని చెప్పింది. ఏటా క్లాసులో ఇది చెప్తూనే ఉన్నాను. పిల్లలు రాసుకుంటారు. కళ్లారా చూసింది మాత్రం ఆ రోజే.

ఒక లోటు చెప్పాలి. బల్లలన్నీ రోడ్డు వైపే, ఎప్పుడూ మగవాళ్లే. మా స్టాఫ్‌లో ఇంకో మేడమ్, నేను గ్లాసులు పట్టుకుని పక్కన నిలబడే వింటాం, నిలబడే మాట్లాడతాం. ఆడపిల్లలు కూర్చునేటట్టు లోపల ఒక బల్ల వేయమని కాకను అడిగాను. “ఏస్త మేడం, వచ్చే నెల” అన్నాడు. అది వేసేదాకా నాలుగు స్టార్లే.