సైకాలజీ డిగ్రీ తర్వాత: క్లినిక్ వైపా, కంపెనీ వైపా?

మామూలు బీఏ, బీఎస్సీ సైకాలజీతో క్లినికల్ సైకాలజిస్ట్ కాలేరు. ఆ తర్వాత పర్యవేక్షణలో రోగులతో పనిచేయించే, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) ఆమోదించిన పైస్థాయి కోర్సు చదివి, ఆ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సర్టిఫికెట్ ఆ రిజిస్ట్రేషన్‌కు పనికిరాదు. ఫీజు కట్టకముందే ఆ కాలేజీకి, ఆ కోర్సుకు ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి.

హెచ్‌ఆర్, మార్కెట్ రీసెర్చ్ వైపైతే డిగ్రీతోనే చిన్న ఉద్యోగాలకు ప్రయత్నించొచ్చు. అక్కడ ఫ్రాయిడ్ లాంటి మనస్తత్వవేత్తల సిద్ధాంతాల గురించి ఎవరూ అడగరు. ప్రశ్నావళి రాయడం, శాంపిల్ ఎంచుకోవడం, ఎస్‌పీఎస్‌ఎస్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లోనో ఎక్సెల్‌లోనో డేటా విశ్లేషించడం, ఇవే కావాలి. ప్రశ్న రాయడంలోనూ మెలకువ ఉంది: “యాప్ వేగంగా, తేలికగా ఉందా?” అని రెండూ కలిపి అడిగితే, వచ్చిన “అవును” దేనికో తేలదు. స్టాటిస్టిక్స్ పేపర్‌ను ఎలాగోలా గట్టెక్కినవాళ్లకు ఈ దారే ఎక్కువ ఇబ్బంది.